జాబితా న్యూయార్క్‌లో, అమలు బ్యాంకు కౌంటర్‌లో: సాయుధ గ్రూపులపై ఐరాస ఆంక్షలు ఎలా నడుస్తాయి?

2025 అక్టోబరులో తాలిబన్ ప్రభుత్వ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తాఖీ ఢిల్లీకి వచ్చారు. జైశంకర్‌ను కలిశారు, దేవ్‌బంద్ వెళ్లారు. కాబూల్‌లోని మన టెక్నికల్ మిషన్‌ను మళ్లీ రాయబార కార్యాలయంగా మారుస్తామని భారత్ ప్రకటించింది. పెద్ద వార్తల కింద చిన్న వార్త ఒకటి ఉండిపోయింది. ఆయన రావడానికి మనం వీసా ఇస్తే సరిపోలేదు. న్యూయార్క్‌లో 15 దేశాలు కూర్చునే ఐరాస భద్రతా మండలి కమిటీ ఒకటి అక్టోబరు 9 నుంచి 16 వరకు వెళ్లి రావచ్చని మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏడాది ఆ కమిటీకి అధ్యక్షత వహిస్తున్నది పాకిస్తాన్!

నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా లైబ్రరీల్లో గ్రూప్స్‌కు చదువుకునేవాళ్ల మధ్య ఇలాంటి వార్త పడితే మూడు ప్రశ్నలు లేస్తాయి. ఆంక్షలున్న మనిషిని మనం ఎలా పిలిచాం? పహల్గాం దాడి తర్వాత టీఆర్‌ఎఫ్‌ను, అంటే ది రెసిస్టెన్స్ ఫ్రంట్‌ను, అమెరికా ఉగ్రవాద సంస్థ అంది కదా, ఐక్యరాజ్యసమితి ఎందుకు అనలేదు? మన మావోయిస్టుల పేరు ఆ లిస్టులో ఉందా? చివరి ప్రశ్న నుంచి మొదలుపెడితే మిగతావి తేలిగ్గా విడిపోతాయి.

పాలమూరుకు తెలిసిన నిషేధం, ఐరాస విధించే ఆంక్ష ఒకటి కావు

ఈ ప్రాంతానికి సంస్థల మీద నిషేధం కొత్త కాదు. 1992లో ప్రజా భద్రతా చట్టం కింద పీపుల్స్ వార్‌ను నిషేధించారు. 1995లో ఎన్టీఆర్ ఎత్తేశారు, మరుసటి ఏడాది చంద్రబాబు మళ్లీ పెట్టారు. 2004లో వైఎస్ ప్రభుత్వం గడువు పొడిగించకుండా వదిలేసి చర్చలకు పిలిచింది. చర్చలు చెడ్డాయి. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకే నిషేధం తిరిగి వచ్చింది. 2009లో కేంద్రం కూడా చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, అంటే యూఏపీఏ, కింద సీపీఐ మావోయిస్టును ఉగ్రవాద సంస్థల పట్టికలో చేర్చింది.

ఈ నిషేధం నేరుగా ఆ సంస్థ మీద, అందులోని మనిషి మీద పడుతుంది. సభ్యుడైతే నేరం, చందా ఇస్తే నేరం, పట్టుబడితే కేసు, కోర్టు, జైలు.

ఐరాస ఆంక్ష అలా పనిచేయదు. భద్రతా మండలి ఎవరినీ అరెస్టు చేయదు, ఎవరి మీదా చార్జిషీటు వేయదు. ఒక పేరును జాబితాలో పెట్టి ప్రపంచంలోని 193 సభ్య దేశాలతో మాట్లాడుతుంది: ఇతని డబ్బు మీ దగ్గర ఉంటే కదలనివ్వకండి, ఇతన్ని మీ గడప దాటనివ్వకండి, ఇతనికి ఆయుధాలు చేరనివ్వకండి. ఆదేశం వెళ్లేది ఆ గ్రూపుకు కాదు, దాని చుట్టూ ఉన్న లోకానికి. జాబితాలో పేరుండటం నేర నిర్ధారణ కాదనీ, ఇది ముందుజాగ్రత్త చర్య మాత్రమేననీ మండలి తన తీర్మానాల్లోనే రాసుకుంటుంది.

ఇక మావోయిస్టుల సంగతి. చాలామంది అనుకున్నట్టు ప్రపంచంలోని ఉగ్రవాదులందరికీ కలిపి ఐరాస దగ్గర ఒక పెద్ద జాబితా లేదు. అల్‌ఖైదా, ఐసిస్‌లకు ఒకటి, తాలిబన్‌కు ఒకటి, కాంగోలోని గ్రూపులకు ఒకటి, సోమాలియాలోని అల్ షబాబ్‌కు ఒకటి, ఇలా దేనికది వేర్వేరు తీర్మానాలతో పుట్టింది. అంతర్జాతీయ శాంతికి ముప్పు అని మండలి ఓటేసిన సందర్భాలకే జాబితాలు వచ్చాయి. దేశం లోపలి సంఘర్షణగా మిగిలినవి చాలావరకు వాటిలోకి రాలేదు. రాజీవ్ గాంధీని చంపిన ఎల్‌టీటీఈని భారత్ 1992లోనే నిషేధించినా ఐరాస ఆంక్షల జాబితాలోకి అది ఎన్నడూ ఎక్కలేదు. మావోయిస్టు పార్టీ కూడా అంతే.

అయితే 2001లో అమెరికా మీద దాడుల తర్వాత వచ్చిన 1373 తీర్మానం ఇంకో దారి తెరిచింది. ఉగ్రవాదుల నిధులను స్తంభింపజేయండని అది అన్ని దేశాలనూ ఆదేశించింది గానీ, ఒక్క పేరు కూడా చెప్పలేదు. ఎవరు ఉగ్రవాదో ఆయా దేశాలే తేల్చుకోవాలి. అందుకే అమెరికా జాబితా వేరు, యూరోపియన్ యూనియన్ జాబితా వేరు, మన హోంశాఖ జాబితా వేరు. టీవీ చర్చల్లో ఇవన్నీ కలిపి 'అంతర్జాతీయ ఉగ్రవాది' అనేస్తుంటారు. సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

ఆ అధికారం ఎక్కడిది?

ఐరాస చార్టర్ ఏడో అధ్యాయంలోని 41వ అధికరణం సైన్యాన్ని వాడకుండా ఒత్తిడి తెచ్చే చర్యలకు వీలిస్తుంది. మండలి నిర్ణయాలను సభ్య దేశాలు పాటించాలని 25వ అధికరణం చెబుతుంది. వేరే ఒప్పందాలతో పేచీ వస్తే చార్టర్‌దే పైచేయి అని 103వ అధికరణం తేలుస్తుంది. కొత్త ఆంక్షల వ్యవస్థ పెట్టాలంటే 15 మందిలో తొమ్మిది ఓట్లు రావాలి, ఐదు శాశ్వత సభ్య దేశాల్లో ఒక్కటీ వీటో వేయకూడదు.

మొదట్లో ఆంక్షలంటే దేశాల మీదే. 1966లో రొడీషియా (నేటి జింబాబ్వే), 1977లో ఆయుధాల విషయంలో దక్షిణాఫ్రికా. 1990లో ఇరాక్ మీద దాదాపు మొత్తం వాణిజ్యాన్ని ఆపేశారు. ఆ దెబ్బ సద్దాం కంటే సామాన్యుడికి గట్టిగా తగిలింది. మందులు లేవు, తిండి లేదు, పసిపిల్లలు కష్టాలు పడ్డారు. దేశం మొత్తాన్ని కాకుండా తప్పు చేసినవాళ్లనే పట్టుకోవాలన్న ఆలోచన అక్కడ బలపడింది. 'లక్షిత ఆంక్షలు' అని ఇప్పుడు పుస్తకాల్లో రాసేది దాన్నే.

సర్కారుతో సంబంధం లేని సాయుధ గ్రూపు మీద పెట్టిన తొలి ఆంక్షల్లో ఒకటి అంగోలాలోని యునీటా మీద పడింది. ఎన్నికల్లో ఓడి మళ్లీ యుద్ధానికి దిగినందుకు 1993లో దానికి ఆయుధాలు, ఇంధనం అమ్మొద్దన్నారు. తర్వాత నాయకుల ప్రయాణాలు ఆపారు, 1998లో వాళ్ల వజ్రాల మీద చెయ్యి వేశారు. 1999 అక్టోబరులో 1267 తీర్మానం తాలిబన్ మీద వచ్చింది. అది మరుసటి ఏడాది అల్‌ఖైదాకూ, 2015 నాటికి ఐసిస్‌కూ పాకింది. 2011లో తాలిబన్‌ను వేరు చేసి 1988 తీర్మానం కింద పెట్టారు. ముత్తాఖీకి మినహాయింపు ఇచ్చింది ఈ 1988 కమిటీయే. ఇదే కమిటీకి 2021, 2022ల్లో అధ్యక్షత వహించింది భారత్.

మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇదే. ఆంక్షలున్న మనిషిని పిలవొచ్చు, కానీ కమిటీ ఒప్పుకున్న తేదీలకే.

ఖాతా ఫ్రీజ్ చేస్తే తిండికెలా?

అల్‌ఖైదా, ఐసిస్ జాబితాకు మూడు చర్యలు వర్తిస్తాయి. ఆస్తుల స్తంభన, ప్రయాణ నిషేధం, ఆయుధాల నిషేధం. ఇందులో ఆస్తుల స్తంభన గురించే అపోహలెక్కువ. స్తంభన అంటే జప్తు కాదు. ఇల్లు అతని పేరు మీదే ఉంటుంది, ఖాతాలో డబ్బు అతనిదే, కాకపోతే కదలదు. అతని తరఫున మరొకరు డబ్బు ఇవ్వడం, అతనికి ఆర్థిక సాయం చేయడం కూడా నిషేధమే.

మరి తిండి, అద్దె, మందులు? దానికి 2002లోనే ఒక వెసులుబాటు పెట్టారు. కనీస ఖర్చులకు డబ్బు వదలాలంటే ఆ దేశం కమిటీకి ముందుగా చెప్పాలి, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే వదలొచ్చు. 2019లో పాకిస్తాన్ ఇదే నిబంధన కింద హఫీజ్ సయీద్ ఖాతా నుంచి నెలకు లక్షన్నర పాకిస్తానీ రూపాయలు తీసుకోనివ్వమని అడిగింది. ముంబై దాడులు జరిగిన రెండు వారాలకే, 2008 డిసెంబరులో, జాబితాకెక్కిన మనిషి ఆయన. గడువులోగా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, అనుమతి వచ్చేసింది. ఈ వార్త చదివి ఒళ్లు మండనివాళ్లు తక్కువ. కానీ ఆకలితో చంపడం ఆంక్షల ఉద్దేశం కాదన్న సూత్రాన్ని ఒకసారి ఒప్పుకున్నాక, అది మనకు నచ్చనివాళ్లకూ వర్తిస్తుంది.

పేరు ఎక్కించడానికి మసూద్ అజహర్ విషయంలో పట్టిన పదేళ్లు

ఒక పేరును చేర్చాలంటే ఏదో ఒక సభ్య దేశం ప్రతిపాదించాలి. నిర్ణీత ఫారం నింపాలి, కారణాల పత్రం జతచేయాలి, గుర్తుపట్టడానికి పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, మారుపేర్లు ఇవ్వాలి. ప్రతిపాదన కమిటీలోని 15 దేశాలకూ వెళ్తుంది. అల్‌ఖైదా, ఐసిస్ జాబితాను చూసే 1267 కమిటీలో పది పనిదినాల్లో ఎవరూ మాట్లాడకపోతే పేరు ఎక్కినట్టే. సాక్షుల విచారణ ఉండదు, అవతలివాడి వాదన వినే రోజూ ఉండదు.

ఇక్కడొక చిక్కు ఉంది. మండలిలో ఐదు దేశాలకే వీటో ఉంటుంది. కమిటీ మాత్రం ఏకాభిప్రాయంతో నడుస్తుంది కాబట్టి 15 దేశాల్లో ఎవరైనా ఆపొచ్చు. కారణం బహిరంగంగా చెప్పనక్కర్లేదు. 'ఇంకొంచెం సమాచారం కావాలి' అని పక్కన పెట్టొచ్చు. దీన్నే టెక్నికల్ హోల్డ్ అంటారు. నెలల తరబడి అలా ఉంచి, చివర్లో కాదనేయొచ్చు.

జైషే మహమ్మద్ సంస్థ 2001లోనే జాబితాలో ఉంది. దాన్ని పెట్టిన మసూద్ అజహర్ మాత్రం లేడు. భారత్ 2009లో ఒకసారి ప్రయత్నించింది. పఠాన్‌కోట్ దాడి తర్వాత 2016లో మళ్లీ ప్రయత్నిస్తే చైనా హోల్డ్ పెట్టింది. 2017లో వచ్చిన ప్రతిపాదనకూ అదే గతి. పుల్వామా తర్వాత 2019 ఫిబ్రవరి చివర్లో ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా కలిసి ప్రతిపాదిస్తే మార్చిలో చైనా మరోసారి ఆపింది. అమెరికా ఈసారి కమిటీలో కాకుండా నేరుగా మండలిలోనే ఓటింగ్ పెడతానని కదిలింది. అక్కడ అడ్డుకోవాలంటే చైనా అందరి ముందూ చెయ్యెత్తాలి. మే 1న హోల్డ్ తీసేసింది, పేరు ఎక్కింది. మూసిన తలుపుల వెనక చేసే పనికీ, వెలుతురులో చేసే పనికీ ఉన్న తేడా అది.

రెండో ప్రశ్నకు జవాబు ఇప్పుడు దొరుకుతుంది. టీఆర్‌ఎఫ్‌ను 2025 జులైలో అమెరికా తన సొంత చట్టం కింద ప్రకటించింది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఐరాసలో అయితే ఏకాభిప్రాయం కావాలి, పాకిస్తాన్ 2025, 2026లకు మండలి సభ్య దేశం. భారత్ ఊరుకోలేదు. మేలో అధికారుల బృందాన్ని న్యూయార్క్ పంపి, ఆంక్షల అమలును గమనించే ఐరాస నిపుణుల పర్యవేక్షణ బృందానికి వివరాలు ఇప్పించింది. జులైలో వచ్చిన ఆ బృందం నివేదికలో టీఆర్‌ఎఫ్ పేరు కనిపించింది. దాడి తామే చేశామని ఆ సంస్థ ప్రకటించుకున్న సంగతి రాసి, లష్కరేతో సంబంధం ఉందని ఒక సభ్య దేశం చెప్పిందనీ, మరో దేశం కాదందనీ నమోదు చేశారు. నివేదికలో పేరు రావడం, జాబితాలో పేరు రావడం రెండూ వేర్వేరు. కానీ మొదటిది లేకుండా రెండోది అడగడం కష్టం.

జడ్చర్ల బ్యాంకులో కంప్యూటర్ ఆగిన రోజు

జాబితా మారిన వార్త మన విదేశాంగ శాఖకు వస్తుంది. అక్కడి నుంచి హోంశాఖ, రిజర్వ్ బ్యాంకు, సెబీ, బీమా నియంత్రణ సంస్థ ద్వారా ప్రతి బ్యాంకుకూ, షేర్ బ్రోకరుకూ చేరుతుంది. చట్టపరంగా పునాది యూఏపీఏలోని 51ఏ సెక్షన్. 2008 సవరణలో వచ్చింది. ఎలా అమలు చేయాలో హోంశాఖ 2021 ఫిబ్రవరి ఉత్తర్వులో వివరంగా ఉంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. జడ్చర్లలో మెకానిక్ షెడ్డు నడిపే ఒకాయనకు దుబాయ్‌లో ఉన్న తమ్ముడు డబ్బు పంపాడు. ఆయన పేరు ఉమ్మడి పాలమూరు జిల్లాలో వీధికొకటి దొరికే పేరు. బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఎర్ర గుర్తు చూపించింది, జాబితాలో అలాంటి పేరే ఉంది మరి. పైగా ఇంగ్లిషు స్పెల్లింగుల గోల. మహమ్మద్ అనే పేరును ఆధార్‌లో ఒకలా, పాస్‌బుక్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా రాసి ఉంటారు. ఒకే మనిషి ముగ్గురవుతాడు, ముగ్గురు మనుషులు ఒక్కరవుతారు.

ఇక్కడ పేరు ఒక్కటే చూసి ఖాతా ఆపేయకూడదు. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు సరిచూడాలి. కలవకపోతే అక్కడితో అయిపోతుంది, డబ్బు ఒకటి రెండు రోజులు లేటుగా పడుతుంది. అన్నీ కలిస్తే బ్యాంకు 24 గంటల్లోగా హోంశాఖకూ, రాష్ట్ర పోలీసు నోడల్ అధికారికీ తెలపాలి, లావాదేవీ జరగనివ్వకూడదు. ఐదు పనిదినాల్లో పోలీసు పరిశీలన పూర్తి కావాలి. నిజమేనని తేలితే 24 గంటల్లో స్తంభన ఉత్తర్వు వస్తుంది, ముందస్తు నోటీసు ఉండదు. నోటీసు ఇస్తే డబ్బు మాయమవుతుంది కదా. పొరపాటున ఇరుక్కున్న మనిషి ఆధారాలతో దరఖాస్తు పెట్టుకుంటే, కేంద్ర నోడల్ అధికారి ఆలస్యం చేయకుండా తేల్చాలి.

కాగితం మీద ఇది బాగానే ఉంది. నా ఉద్దేశంలో మొత్తం వ్యవస్థ నిలబడేదీ కూలేదీ ఈ మెట్టు దగ్గరే. కౌంటర్ వెనక కూర్చున్న ఉద్యోగికి టెన్షన్ ఉంటుంది. ఉగ్రవాది డబ్బు వదిలేశాడని పేరొస్తే ఉద్యోగం పోతుంది. అమాయకుడి డబ్బు రెండు వారాలు ఆపాడని ఎవరూ సస్పెండ్ చేయరు. అనుమానం వస్తే ఏ వైపు మొగ్గుతాడో వేరే చెప్పక్కర్లేదు.

దీని పెద్ద రూపం 2001 నవంబరులో కనిపించింది. అల్ బరకాత్ అనే సోమాలియా డబ్బు బదిలీ సంస్థను అమెరికా మూసేయించింది, ఐరాస జాబితాలోనూ చేర్చారు. విదేశాల్లో కష్టపడే సోమాలీలు ఇంటికి డబ్బు పంపుకునే ముఖ్యమైన దారి అది. బ్యాంకులే లేని దేశంలో వేల కుటుంబాల చేతికందే పైసలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ సంస్థ అల్‌ఖైదాకు నిధులిచ్చిందనడానికి గట్టి ఆధారం దొరకలేదని తర్వాత అమెరికా 9/11 కమిషన్ సిబ్బంది పరిశీలనలోనే తేలింది.

పోలీసులు లేని చోట కాపలా ఎవరిది?

ఆంక్షలు పాటిస్తున్నారో లేదో చూసేది మూడు అంచెల్లో. ఒక్కో వ్యవస్థకూ మండలి సభ్యులతోనే ఒక కమిటీ ఉంటుంది. దాని కింద చిన్న నిపుణుల బృందం. ఆయుధాలు తెలిసినవారు ఒకరు, డబ్బు దారులు తెలిసినవారు ఒకరు, ఆ ప్రాంతం తెలిసినవారు ఇంకొకరు. కాంగో బృందంలో ఆరుగురు, అల్‌ఖైదా, తాలిబన్‌లను చూసే పర్యవేక్షణ బృందంలో పది మంది దాకా. వాళ్లకు తలుపు తట్టి సోదా చేసే అధికారం లేదు. అడగొచ్చు, చూడొచ్చు, రాయొచ్చు. దేశాలు చెప్పకపోతే చెప్పలేదని రాయొచ్చు. మూడో అంచె దేశాలే, తమ గురించి తామే నివేదిక ఇచ్చుకుంటాయి.

ఇంత తక్కువ బలంతో ఏం చేయగలరో యునీటా విషయంలో తెలిసింది. 1999లో అంగోలా కమిటీకి అధ్యక్షత వహించిన కెనడా రాయబారి రాబర్ట్ ఫౌలర్ ఉత్తరాలు రాస్తూ కూర్చోలేదు. నిపుణుల బృందంతో తవ్వించారు. 2000 మార్చిలో వచ్చిన నివేదిక టోగో, బుర్కినా ఫాసో దేశాధ్యక్షుల పేర్లు పెట్టి మరీ, వజ్రాలకు బదులు ఆయుధాలు ఎవరి చేతుల మీదుగా వెళ్లాయో రాసింది. అధికారంలో ఉన్న అధ్యక్షుల పేర్లు ఐరాస కాగితం మీదికి రావడం పెద్ద దుమారం లేపింది. వజ్రాలకు పుట్టుక పత్రం ఇచ్చే కింబర్లీ విధానం 2003లో అమల్లోకి రావడానికి ఈ వేడి కూడా ఒక కారణం.

పత్రమంటే గుర్తొచ్చేది సోమాలియా బొగ్గు. పాలమూరు బీడు భూముల్లో సర్కారు తుమ్మను నరికి, పేర్చి, మట్టి కప్పి కాల్చే బొగ్గు బట్టీలు చూసినవాళ్లకు ఆ వ్యాపారం అర్థమవుతుంది. సోమాలియాలోనూ తుమ్మ జాతి చెట్లే. ఆ బొగ్గుకు గల్ఫ్‌లో హుక్కాలకూ, మాంసం కాల్చడానికీ మంచి గిరాకీ. అల్ షబాబ్ స్వయంగా బట్టీ పెట్టనక్కర్లేదు, దారిలో గేటు పెట్టి లారీకింతని పన్ను వసూలు చేస్తే చాలు. ఆ డబ్బు ఆపాలని 2012 ఫిబ్రవరిలో మండలి సోమాలియా బొగ్గు ఎగుమతినీ, దాన్ని ఇతర దేశాలు కొనడాన్నీ నిషేధించింది.

వ్యాపారం ఆగలేదు. కొమొరోస్, ఘనా, ఐవరీ కోస్ట్‌లలో తయారైందని దొంగ పత్రాలు పుట్టాయి. 2018 నాటికి ఇరాన్ రేవుల్లో బస్తాలు మార్చి, తెల్ల సంచుల మీద ఇరాన్ సరుకని ముద్ర వేసి గల్ఫ్‌కు పంపుతున్నట్టు ఐరాస పర్యవేక్షణ బృందం రాసింది. అల్ షబాబ్‌కు ఏడాదికి కనీసం 75 లక్షల డాలర్లు ఈ బొగ్గు పన్నుగా వస్తున్నాయని లెక్కగట్టింది. రేవులో ఉన్న కస్టమ్స్ గుమాస్తా చేతికొచ్చిన పత్రంలో అన్నీ సరిగ్గానే ఉంటాయి. అబద్ధం పత్రంలో ఉంది, బస్తాలో లేదు. బస్తా విప్పి బొగ్గు ఎక్కడిదో చెప్పగలిగేవాడు అక్కడ ఎవరూ లేరు.

ఆయుధాల నిషేధంలోనూ ఇదే చిక్కు. నల్గొండ వైపు క్వారీల్లో, బావుల తవ్వకాల్లో వాడే డిటోనేటర్లు, ఫ్యూజు వైరు చట్టబద్ధమైన సరుకు. ఐసిస్ బాంబుల్లో దొరికిన విడిభాగాలను ఆరా తీసిన కాన్‌ఫ్లిక్ట్ ఆర్మమెంట్ రీసెర్చ్ అనే సంస్థ 2016లో 20 దేశాలకు చెందిన 51 కంపెనీల సరుకు గుర్తించింది. అందులో ఏడు భారతీయ కంపెనీలు. అవి తప్పు చేశాయని కాదు. ప్రభుత్వ లైసెన్సుతో లెబనాన్, తుర్కియేలోని కొనుగోలుదారులకే అమ్మాయి. అక్కడి నుంచి సరిహద్దు దాటింది. మొదటి కొనుగోలుదారు వరకే లైసెన్సు చూపు ఆనుతుంది.

ఈ పని ప్రమాదకరం కూడా. 2017 మార్చిలో కాంగోలోని కసాయ్ ప్రాంతంలో విచారణకు వెళ్లిన నిపుణులు మైకేల్ షార్ప్, జైదా కతలాన్‌లను చంపేశారు. ఇంకోవైపు రాజకీయం బృందాలనే ఎత్తేయగలదు. 2023 ఆగస్టులో మాలి ఆంక్షల కొనసాగింపును రష్యా వీటో చేసింది, ఆ నిపుణుల బృందం మూతపడింది. 2024 మార్చిలో ఉత్తర కొరియా బృందానిదీ అదే దారి. అక్కడ ఆంక్షలు అలాగే ఉన్నాయి, చూసే కళ్లు మాత్రం పోయాయి.

జాబితాలోంచి బయటపడే దారి

యూసఫ్ నదా అనే వృద్ధ వ్యాపారి కాంపియోనేలో ఉండేవారు. అది ఇటలీకి చెందిన ఊరే గానీ చుట్టూ స్విట్జర్లాండ్. విస్తీర్ణం 1.6 చదరపు కిలోమీటర్లు. 2001లో పేరు జాబితాకెక్కాక ఆయనకు స్విట్జర్లాండ్ గుండా వెళ్లే వీలు పోయింది, అంటే ఊరి పొలిమేర దాటే వీలు పోయింది. డాక్టరు దగ్గరికి వెళ్లడానికీ అనుమతి కావాలి. స్విస్, ఇటలీ దర్యాప్తులు రెండూ ఆధారాలు లేవని మూసేశారు. అయినా పేరు 2009 దాకా పోలేదు. 2012లో యూరప్ మానవ హక్కుల కోర్టు స్విట్జర్లాండ్‌ను తప్పుపట్టింది.

సౌదీ వ్యాపారి యాసిన్ ఖాదీ కేసు ఇంకా దూరం వెళ్లింది. మండలి చెప్పినా సరే, ఆరోపణ ఏమిటో చెప్పకుండా, వాదన వినకుండా మా గడ్డ మీద ఆస్తి స్తంభింపజేయడం కుదరదని యూరోపియన్ న్యాయస్థానం 2008లో తీర్పిచ్చింది. మండలికి ఇది ఇబ్బందైన తీర్పు. యూరప్ అమలు చేయకపోతే జాబితాకు విలువేముంది? మరుసటి ఏడాదే 1904 తీర్మానంతో అంబుడ్స్‌పర్సన్ పదవి పుట్టింది, పేరు తీసేయమనే అర్జీలను స్వతంత్రంగా పరిశీలించడం ఆ పదవి పని. 2010లో కెనడా న్యాయమూర్తి కింబర్లీ ప్రాస్ట్ మొదటగా ఆ కుర్చీలో కూర్చున్నారు. 2011 నుంచి ఆ పదవికి కోరలొచ్చాయి. పేరు తీసేయమని అంబుడ్స్‌పర్సన్ సిఫారసు చేస్తే, వద్దని 15 దేశాలూ ఏకమైతే తప్ప, లేదా విషయాన్ని మండలి ఓటుకు పంపితే తప్ప, 60 రోజులకు పేరు పోతుంది. చేర్చడానికి కావాల్సిన ఏకాభిప్రాయం ఇక్కడ తిరగబడింది. ఖాదీ పేరు 2012లో ఈ దారిలోనే బయటికొచ్చింది.

కాకపోతే ఈ సౌకర్యం అల్‌ఖైదా, ఐసిస్ జాబితాకే. తాలిబన్, కాంగో, సోమాలియా జాబితాల్లోని వాళ్లకు 'ఫోకల్ పాయింట్' అనే చిన్న కార్యాలయమే గతి. చాలాకాలం అది ఉత్తరాలు అందించే తపాలా పనికే పరిమితమైంది. 2024లో దాని అధికారాలు కొంత పెంచారు.

సాయం చేసేవాళ్ల కోసం సడలింపు, దాని మీద భారత్ అభ్యంతరం

అల్ షబాబ్ పట్టున్న ఊళ్లో కరువొచ్చింది. సాయం లారీ వెళ్లాలంటే వాళ్ల గేటు దాటాలి. గేటు దగ్గర ఏదో ఒకటి కట్టాలి. అది ఆంక్షల ఉల్లంఘనేనా? ఈ భయంతో బ్యాంకులు స్వచ్ఛంద సంస్థల డబ్బు కదపడం మానేశాయి. 2022 డిసెంబరులో 2664 తీర్మానం ఆస్తుల స్తంభన ఉన్న అన్ని ఐరాస వ్యవస్థల్లోనూ మానవతా సాయానికి మినహాయింపు ఇచ్చింది. 14 దేశాలు అవునన్నాయి, ఒక్క దేశం ఓటు వేయలేదు. ఆ నెల మండలికి అధ్యక్షత వహిస్తున్న భారతే ఆ దేశం.

భారత్ వాదన తీసిపారేసేది కాదు. జాబితాలోని సంస్థలు ధర్మసంస్థల బోర్డు తగిలించుకుని చందాలు, మనుషులు పోగేసిన అనుభవం మన పొరుగునే ఉంది. లష్కరే ముసుగుగా నడిచిన జమాత్ ఉద్ దవా సహాయ శిబిరాలు పెట్టడం అందరూ చూశారు. అవతలి వాదన కూడా గట్టిదే. పిల్లవాడికి తిండి అందాలా వద్దా అన్నది గేటు దగ్గరున్న తుపాకీవాడిని బట్టి తేలకూడదు. 2024 డిసెంబరులో అల్‌ఖైదా, ఐసిస్ జాబితాకూ ఈ సడలింపును కొనసాగించారు.

ఇంతా చేసి ఫలితం ఉందా?

జెనీవా కేంద్రంగా పనిచేసిన పరిశోధకుల బృందం 1991 తర్వాతి ఐరాస లక్షిత ఆంక్షలను కేసు కేసుగా పరిశీలించింది. అవతలివాడి బుద్ధి మార్చడంలో పదింట ఒకటే ఫలించింది. చేతులు కట్టేయడంలో, ఇది తప్పని లోకానికి చాటడంలో మాత్రం నాలుగింట ఒకటికి కాస్త పైన. గ్రూపును లొంగదీయడమే కొలతైతే ఆంక్షలు దండగ. దాని ఖర్చు పెంచడం, దారులు ఇరుకు చేయడం కొలతైతే అంత దండగ కాదు. యునీటా కథనే రెండు రకాలుగా చెబుతారు. 2002 ఫిబ్రవరిలో యునీటా నాయకుడు జోనాస్ సవింబిని అంగోలా సైన్యం చంపాకే యుద్ధం ముగిసింది, ఆంక్షలది కాదని కొందరు. వజ్రాలు, ఇంధనం దొరక్క ఆయన అంతలా బలహీనపడింది ఆంక్షల వల్లే అని ఇంకొందరు. ఏ ఒక్కటీ పూర్తిగా కొట్టేయలేం.

అసలు పరీక్ష మాత్రం జాబితాలోని గ్రూపే గద్దెనెక్కినప్పుడు వస్తుంది. సిరియాలో 2024 డిసెంబరులో అసద్‌ను దింపిన హయాత్ తహ్రీర్ అల్ షామ్ ఐరాస జాబితాలో ఉన్న గ్రూపు, దాని నాయకుడు అహ్మద్ అల్ షరా కూడా ఉన్నాడు. 2025 సెప్టెంబరులో ఆయన అధ్యక్షుడి హోదాలో ఐరాస సర్వసభ్య సభలో మాట్లాడారు, అదే ఐరాస ఆంక్షల జాబితాలో ఉంటూనే. నవంబరు 6న ఆయన పేరు, ఆయన హోంమంత్రి పేరు తీసేశారు. అది కమిటీలో జరగలేదు, నేరుగా మండలి ఓటుతో జరిగింది. కమిటీలో ఒక్క చైనా అభ్యంతరం చాలు ఆపడానికి. మండలిలో అయితే చైనా వీటో వేయాలి, అది ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయింది. 14 ఓట్లతో పని అయిపోయింది.

ఆ తీర్మానం తీసింది రెండు పేర్లనే. సంస్థ పేరు జోలికి పోలేదు. కాబట్టి ఆ రోజు తర్వాత సిరియా అధ్యక్షుడి ఖాతా తెరవడానికి బ్యాంకుకు అడ్డు లేదు, ఆయన్ను గద్దెనెక్కించిన సంస్థ డబ్బు ముట్టుకోవడానికి మాత్రం అప్పటికి అడ్డు ఉండిపోయింది. ఆ రెండు డబ్బుల్నీ విడదీసి చూపించాల్సింది ఎక్కడో ఒక బ్యాంకు గుమాస్తా.